కుంచం, సెంటు, హెక్టారు: పాత భాగాల కాగితం చదివేటప్పుడు చూసుకోవాల్సినవి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తాతగారి నాటి భాగాల కాగితంలో "ఏదుం విత్తనాల పల్లం భూమి, కౌలు ఏటా నాలుగు పుట్ల ధాన్యం, బంగారం నాలుగు తులాలు" అని ఉంది. ఇప్పటి పాస్‌బుక్‌లో 1.62 అని ఉంది. మొన్న లోను కోసం నింపిన ఫారంలో అదే భూమికి 0.66 అని రాశారు. దాదాపు ఎకరం మాయమైపోయింది, ఎవరో రికార్డు మార్చేశారని మీ అమ్మగారు రెండ్రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని రాశారు.

ముందు ఆవిడకి ఫోన్ చేసి చెప్పండి, భూమి ఎక్కడికీ పోలేదని. పాస్‌బుక్‌లో ఉన్నది ఎకరాల్లో, ఫారంలో ఉన్నది హెక్టార్లలో. హెక్టారు అంటే 2.471 ఎకరాలు. 1.62ని 2.471తో భాగిస్తే 0.6556 వస్తుంది. దాన్ని రెండు అంకెలకి కుదించి 0.66 రాశారు. అంతే. టెన్షన్ పడాల్సిన పని లేదు.

అయితే మీరు త్వరలో బాబాయిగారితో కూర్చుని కొత్త కాగితం రాసుకోబోతున్నామన్నారు కాబట్టి ఇంతటితో ఆపడం నాకు ఇష్టం లేదు. నేను సర్వే శాఖలో చైన్‌మన్‌గా, అంటే కొలత గొలుసు లాగేవాడిగా చేరి, సర్వేయరుగా రిటైరయ్యాను. మాది రాజాం దగ్గర పల్లె. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు చాలా చూశాను. వాటిలో సగం చోట్ల మోసమేమీ లేదు. ఒకరు ఒక కొలతలో చదివారు, ఇంకొకరు మరో కొలతలో చదివారు.

భూమి సంగతి ముందు చెప్తాను.

ఎకరానికి 100 సెంట్లు. సెంటుకి 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు, 40.47 చదరపు మీటర్లు. ఈ 48.4 అనే వింత అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. అది గొలుసు నుంచి వచ్చింది. మేం లాగిన పాత గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు. లింకు 7.92 అంగుళాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరాలు పది కలిస్తే ఎకరం. వెయ్యి చదరపు లింకులు సెంటు. అంటే లింకుల్లో కొలిచేవాడికి లెక్క పూర్తిగా పదుల్లోనే నడుస్తుంది, అడుగుల్లోకి దిగాకే ఆ చుట్టు తిరుగుడు అంకెలన్నీ వస్తాయి. ఇనుప తీగ లింకులు, ప్రతి పది లింకులకీ ఒక ఇత్తడి బిళ్ల. పది దగ్గర బిళ్లకి ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు పళ్లు, అలా నలభై దాకా. మధ్యలో యాభై దగ్గర గుండ్రటి బిళ్ల. చీకటి పడే వేళ తుప్పల్లో అంకె కనబడకపోయినా వేలితో తడిమి చెప్పేసేవాళ్లం. ఆ బిళ్లల స్పర్శ నా వేళ్లకి ఇప్పటికీ గుర్తే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ పొలం ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ దగ్గరుండే పొలం కొలతల పటం) నకలు తీసుకుంటే గట్టు మీద 250 అని రాసి ఉండొచ్చు. అది పాత పటమైతే 250 లింకులు, అంటే 165 అడుగులు, మీటర్లలో 50.3. దాన్నే 250 అడుగులనుకుని టేపు పట్టుకెళ్తే పక్కవాడు 85 అడుగులు కలిపేసుకున్నాడనిపిస్తుంది. ఇలా మొదలైన తగువు కర్రల దాకా వెళ్లడం కళ్లారా చూశాను. పటం మీద ఏ కొలతో అడగకుండా టేపు విప్పకండి.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన భూమి ఎంతుందో చూసి చెప్పమంటే రిజిస్టరు తీసి "0.40, నలభై సెంట్లు తాతా" అనేశాను. ఆ రిజిస్టరు హెక్టార్లలో ఉంది. నలభై ఆర్లు, అంటే దాదాపు 99 సెంట్లు. ఆర్ అంటే హెక్టారులో వందో వంతు, వంద చదరపు మీటర్లు, సెంటుకి రెండున్నర రెట్లు. ఆయన మారు మాట్లాడకుండా ఇంటికెళ్లి, కొడుకుని పట్టుకుని, సగం పైగా ఎవరికి అమ్మేశావురా అని ఏడ్చాడట. మర్నాడు మా పెద్దాయన రిజిస్టరు చూసి నన్ను సైకిలెక్కించి ఆ ఊరు పంపాడు, స్వయంగా చెప్పి రమ్మని. చెప్పాను. కానీ ఆ రాత్రి ఆ తండ్రీకొడుకుల మధ్య అన్న మాటల్ని నేను వెనక్కి తేలేను. అప్పట్నుంచి యూనిట్ పేరు రాయకుండా అంకె ఎప్పుడూ రాయలేదు.

ఇంకో మెలిక ఉంది. హెక్టారులో రెండో దశాంశ స్థానం ఒక్కటి మారితే 2.47 సెంట్లు మారినట్టు. కుదించి రాస్తే అటో ఇటో ఒకటింపావు సెంటు దాకా తేడా వస్తుంది. ఒకటింపావు సెంటంటే అరవై గజాలు. పల్లెల్లో ప్రభుత్వం ఒకప్పుడు ఒకటిన్నర సెంట్ల ఇంటి స్థలం ఇచ్చింది, అందులో ఇంచుమించు అంత. మీ ఫారంలో 0.66 వల్ల మీకు సెంటు ఎక్కువ వచ్చినట్టు కనబడుతోంది. లోను ఫారానికి పర్వాలేదు గానీ రిజిస్ట్రేషన్ కాగితంలో మాత్రం నాలుగు అంకెలూ ఉండాలి: 0.6556.

పరిహారాలు, సబ్సిడీలు హెక్టారు లెక్కన ప్రకటిస్తారు. హెక్టారుకి 25,000 అని పేపర్లో చదివితే మన భాషలో ఎకరానికి సుమారు 10,100. ఇది తెలియక చేతికొచ్చిన డబ్బు చూసి ఎవరో మింగేశారని అనుకునేవాళ్లున్నారు.

ఇప్పుడు "ఏదుం విత్తనాల భూమి". మన వైపు చాలా ఊళ్లు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేవి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, ఆ ఊళ్లు సర్కారు చేతికొచ్చాకే సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. అంతకు ముందు కాగితాల్లో సెంట్లు కనబడకపోవడానికి అదే కారణం. భూమిని అందులో పట్టే విత్తనంతో చెప్పేవారు. తూములు రెండైతే ఇద్దుం, మూడైతే ముత్తుం, అయిదైతే ఏదుం, పదైతే పందుం. మీ భూమికి అయిదు తూముల విత్తనం, అంటే ఇరవై కుంచాలు.

ఇది మంచి కొలత అని నేను ఒప్పుకుంటాను. రైతుకి కావాల్సింది చదరపు మీటర్లు కాదు, గాదెలోంచి ఎంత తియ్యాలన్నది. కానీ సారవంతమైన నేలలో విత్తనం పలచగా పోస్తారు, చవిటి నేలలో ఒత్తుగా పోస్తారు. అందుకని ఏదుం భూమి ఒక ఊళ్లో ఎకరమున్నర, ఇంకో ఊళ్లో రెండెకరాలు కావొచ్చు. దాన్ని సెంట్లలోకి మార్చే సూత్రం ఏదీ లేదు, ఎవరైనా యాప్‌లో చూపిస్తే నమ్మకండి. హద్దులు సరిపోతున్నాయా, సర్వే నంబరు అదేనా అన్నది మాత్రమే చూడండి. హద్దులు కలిస్తే 1.62 ఎకరాలే ఖాయం.

కుంచం దగ్గరికొద్దాం. "కుంచం అంటే ఎన్ని కిలోలు?" అని అడిగారు. ధాన్యం కుంచమా, బియ్యం కుంచమా, ఏ ఊరి కుంచమా అని నేను తిరిగి అడగాలి. కుంచం పాత్ర కొలత, కిలో బరువు కొలత. ఒకే కుంచంలో ధాన్యం పోస్తే ఒక బరువు, బియ్యం పోస్తే ఇంకో బరువు, చోళ్లు (రాగులు) పోస్తే మరో బరువు. లీటరు పాత్రలో ధాన్యం 550 నుంచి 600 గ్రాములు పడుతుంది, బియ్యం సుమారు 800.

చిన్నప్పుడు బడిలో వల్లె వేసింది ఇది: రెండు గిద్దెలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. గిద్దె నుంచి కుంచం దాకా ప్రతి మెట్టూ రెట్టింపే గమనించండి. చదువు రాని మనిషి కూడా కుంచం గింజల్ని ఇద్దరికి, నలుగురికి, ఎనిమిది మందికి పంచగలదు, చేతిలో పాత్ర మారుస్తూ. కూలి గింజలు కొలిచే కళ్లంలో దశాంశాలెవరికి కావాలి?

మా ఇంట్లో చెక్క కుంచం ఉంది, మా తాత నాటిది. అంచుకి ఇనుప పట్టీ, లోపల చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయింది. నూర్పు అయ్యాక కళ్లంలో రాశి ముందు కొలిచే మనిషి తూర్పుకి తిరిగి కూర్చునేవాడు. మొదటి కుంచానికి "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. లాభం, లాభం, లాభం అంటూ రెండోది నిండేదాకా అదే మాట పాటలా సాగుతుంది. తర్వాత రెండు, రెండు, రెండు. మధ్యలో ఎవరైనా పలకరించినా లెక్క తప్పకూడదనే ఆ సాగదీత. తూముకో గుప్పెడు గింజలు పక్కన పెట్టేవాడు. చివర్లో ఆ గుప్పిళ్లు లెక్కపెడితే ఎన్ని తూములో తేలిపోయేది. మా చిన్నతనంలో పిల్లలం కళ్లం చుట్టూ చేరి ఆ పాట విని, ఇంటికెళ్లి ఇసకతో అదే ఆట ఆడుకునేవాళ్లం.

అందులోనే అన్యాయం కూడా ఉండేది. కుంచం మీద గింజలు శిఖరంలా నిలిచేదాకా పోసి కొలవొచ్చు, కర్రతో అంచుకి సమానంగా తల కొట్టి కొలవొచ్చు. రెండింటికీ తేడా ఎంతో మా ఇంట్లో తూచి చూశాను. దగ్గర దగ్గర అయిదో వంతు. కౌలు తీసుకునేటప్పుడు శిఖరం, అప్పు ఇచ్చేటప్పుడు తల కొట్టడం చేసేవాళ్లు ఉండేవారు. తీసుకోవడానికి పెద్ద కుంచం, ఇవ్వడానికి చిన్న కుంచం రెండూ ఇంట్లో పెట్టుకున్నవాళ్లూ ఉండేవారని మా నాన్న చెప్పేవారు. రైతు నోరెత్తడానికి లేదు, ఎందుకంటే రెండూ "కుంచమే". 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి కిలోలు మొదలై, 1962కల్లా పాతవి చెల్లకుండా పోయాయంటే నేను సంతోషించడానికి కారణం ఇదే. పాత కొలతలంటే నాకు ప్రాణం. కానీ ముక్కూ మొహం తెలియని ఇద్దరి మధ్య బేరం జరిగినప్పుడు ఇద్దరికీ చెందని కొలత ఒకటి ఉండాలి.

మీ ఇంటి కుంచం ఎంతో తెలుసుకోవాలంటే చాలా తేలిక. అటక మీద వెతకండి. చెక్కదైతే లోపల పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, లీటరు సీసాతో నీళ్లు పోసి కొలవండి. మా కుంచంలో 3 లీటర్ల 800 మిల్లీలీటర్లు పట్టాయి. మా మేనత్త అత్తవారి ఊరి కుంచంలో 4 లీటర్ల 600. రెండు ఊళ్ల మధ్య దూరం పట్టుమని పన్నెండు కిలోమీటర్లు లేదు! మా కుంచం లెక్కన ధాన్యం సుమారు 2 కిలోల 170 గ్రాములు, బియ్యం 3 కిలోలు. తవ్వ బియ్యం 380 గ్రాములు. మీ కౌలు నాలుగు పుట్లు అంటే 320 కుంచాలు, మా కుంచంతో అయితే 695 కిలోలు, 80 కిలోల బస్తాలు ఎనిమిదిన్నర పైన. ఏదుం విత్తనం 43 కిలోలవుతుంది. 1.62 ఎకరాలకి చూస్తే ఎకరానికి 27 కిలోలు. ఇప్పుడు ఉభాలకి (వరినాట్లకి) ఎకరానికి 20 నుంచి 25 కిలోల విత్తనం చాలంటున్నారు, అప్పట్లో కాస్త ఒత్తుగా పోసేవారు. అంటే మీ కాగితం, పాస్‌బుక్కు ఒకదానికొకటి అబద్ధమాడటం లేదని ఇక్కడ ఇంకోసారి తేలుతోంది. ఇది రుజువు కాదు, కానీ మనసుకి ధైర్యం.

బస్తా అన్నాను కదా, అక్కడ కూడా జాగ్రత్త. గోదావరి జిల్లాల వాళ్లు బస్తా అంటే 75 కిలోలు అంటారు, మన వైపు 80. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచులు. పలాస వైపు జీడిపిక్కల బేరం కూడా 80 కిలోల బస్తా మీదే. ప్రభుత్వ ధరేమో క్వింటాలుకి. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు 2,369 రూపాయలు. 80 కిలోల బస్తాకి 1,895, 75 కిలోలదానికి 1,777. ఫోన్లో ఎవరైనా "బస్తా 1,800 ఇస్తాను" అంటే ఎన్ని కిలోల బస్తా, గోనె బరువు తీశాకా తీయకముందా, తరుగు ఎంత పడతావు అని మూడూ అడగాలి. కాటా మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడటం మీ హక్కు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా ఆ ముద్ర వేయించాలి. అనుమానం ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. తూకం మొదలుపెట్టే ముందు ఖాళీ కాటా సున్నా చూపిస్తోందా అన్నది మాత్రం మీ కళ్లతో మీరే చూసుకోవాలి. నేను ప్రతిసారీ తెలిసిన బరువు ఒకటి పట్టుకెళ్తాను, పగలగొట్టని కిలో ఉప్పు ప్యాకెట్లు అయిదు.

బంగారం గురించి ఒక్కటే ముఖ్యం. ఇప్పుడు దుకాణంలో తులం అంటే పది గ్రాములుగానే మాట్లాడతారు. పాత తులం 11.66 గ్రాములు, బ్రిటిష్ వెండి రూపాయి బిళ్ల ఎత్తు. మీ కాగితం కిలోలు రాకముందుది కాబట్టి నాలుగు తులాలంటే 46.65 గ్రాములు, 40 కాదు. తేడా ఆరున్నర గ్రాముల పైనే. నగలు ఇప్పుడు తూచి 46 గ్రాములు వస్తే ఎవరో కలిపారని కాదు, 40 వస్తే మాత్రం అడగాల్సిన విషయమే, అరుగుదల అంత ఉండదు. కాసు అని ఎక్కడైనా రాసి ఉంటే అది ఎనిమిది గ్రాములు. పాత సవరను నాణెం 7.99 గ్రాములు ఉండేది, దాని మీద వచ్చిన లెక్క. పంచుకునేటప్పుడు రాళ్లు, లక్క తీసేసిన బరువు గ్రాముల్లో, పక్కన 22 క్యారెట్లా కాదా అన్నది రాయించండి. పాత నగలకి హాల్‌మార్క్ ఉండదు, పరీక్ష చేయించాకే పంచుకోండి.

మీ అమ్మమ్మగారి చేతిరాత పుస్తకంలో "వీశె చింతపండు, పదలం అల్లం" అని ఉందన్నారు. వీశె 120 తులాలు, అంటే కిలో 400 గ్రాములు. పది పలాలు పదలం, వీశెలో నాలుగో వంతు, 350 గ్రాములు. అయిదు పలాలు ఏబులం, 175. ఎనిమిది వీశెలు మణుగు, 11 కిలోల 200. ఊరగాయ పెట్టేటప్పుడు వీశెని కిలో అనుకుంటే ఉప్పు కారం తేడా చేస్తాయి. అన్నీ అదే పాళ్లలో తగ్గిస్తే ఏమీ కాదు, కొన్ని వీశెల్లో, కొన్ని తవ్వల్లో ఉన్నప్పుడే చిక్కు. తవ్వ ఉప్పుని ఎలాగూ పాత్రతోనే కొలవండి, గ్రాముల్లోకి మార్చొద్దు. గళ్లుప్పు వేరు, మెత్తటి ఉప్పు వేరు.

ఒంటి కొలతల మీద ఎవరూ తగువాడుకోగా నేను చూడలేదు. విజయనగరంలో పైడితల్లమ్మ గుడి దగ్గర పూలమ్మే ఆవిడ మోచేతి నుంచి వేలి కొస దాకా మూర వేస్తుంది. ఆవిడ చెయ్యి పొట్టిదైతే అది మన కళ్ల ముందే ఉంది, ఇష్టమైతే కొంటాం. కళింగపట్నం, భావనపాడు వైపు వేటకెళ్లేవాళ్లు సముద్రం లోతు బారల్లో చెప్తారు. చేతులు రెండూ చాపితే తాడు ఎంత వస్తుందో అంత, ఆరడుగులు. తాడు లాగేవాడి చేతిలోనే కొలత ఉన్నప్పుడు అంతకంటే ఏం కావాలి.

ఇల్లు కట్టే ఆలోచన ఉందన్నారు, కాబట్టి కొన్ని గబగబా. అయిదు సెంట్లంటే 242 గజాలు, 2,178 చదరపు అడుగులు. స్థలం గజాల్లో కొంటారు, శ్లాబు చదరపు అడుగుల్లో మాట్లాడతారు, ఇనుప ఊచ మిల్లీమీటర్లలో, పైపు అంగుళాల్లో, బోరు అడుగుల్లో. ఇందులో ఎవరి తప్పూ లేదు, అలవాటైపోతుంది. ఇసక దగ్గర మాత్రం నష్టపోతారు. మేస్త్రి యూనిట్ అంటాడు, వంద ఘనపుటడుగులు. రసీదు టన్నుల్లో వస్తుంది. పొడి ఇసక యూనిట్ సుమారు నాలుగున్నర టన్నులు. నాగావళిలోంచి అప్పుడే తీసిన తడి ఇసకని టన్నుల్లో కొంటే నీళ్లకి కూడా డబ్బులిస్తున్నట్టే. ట్రాక్టరు తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించి చూడండి, రెండు నిమిషాల పని.

బాబాయిగారు పురుగుమందు "మూత" లెక్కన కొడతారని మీరు చివర్లో మామూలుగా అన్నారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను. అన్ని లెక్కల్లోకీ అది ప్రమాదకరమైనది. కంపెనీకో సైజు మూత ఉంటుంది. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు, ఎకరానికి 200 లీటర్ల నీళ్లని చెప్తే మొత్తం మందు 400 మిల్లీలీటర్లు. పది మిల్లీలీటర్ల మూత అనుకుని పదిహేను పట్టే మూతతో పోస్తే 600 అవుతుంది. డబ్బు పోవడం అటుంచి, ఆ మందు కొట్టేది ఆయన చేతులతోనే. మందుల దుకాణంలో గీతలున్న కొలత గ్లాసు పది, ఇరవై రూపాయలకి దొరుకుతుంది, ఒకటి కొనివ్వండి. దాన్ని వంటింటి వైపు రానివ్వొద్దు. పిల్లల సిరప్‌కీ ఇదే మాట. అయిదు మిల్లీలీటర్లంటే సీసాతో వచ్చిన కొలత మూతతోనే, చక్కెర డబ్బాలో స్పూనుతో కాదు. తాతల నాటి కొలతలు ఎంత ఇష్టమైనా, మందు దగ్గర మాత్రం మిల్లీలీటరు తప్ప ఇంకోటి పనికిరాదు.

ఇక కొత్త కాగితం. రెండు సమాన భాగాలన్నారు. నేనైతే ఇలా రాయిస్తాను: "సర్వే నంబరు ఫలానా, మొత్తం విస్తీర్ణం య. 1-62 సెంట్లు (ఒక ఎకరం అరవై రెండు సెంట్లు), అనగా 0.6556 హెక్టార్లు. అందులో తూర్పు భాగం య. 0-81 సెంట్లు (ఎనభై ఒక్క సెంట్లు), అనగా 3,920.4 చదరపు గజాలు, 0.3278 హెక్టార్లు." పడమర భాగానికీ అలాగే. "య" అంటే ఎకరం అని రిజిస్ట్రేషన్ కాగితాల్లో పాత అలవాటు, దాన్ని అలాగే ఉంచండి. సెంట్లు పది లోపు అయితే సున్నా తప్పనిసరి: 1-6 అని రాస్తే ఆరు సెంట్లా అరవైయ్యా అని రేపు మీ పిల్లలు కొట్టుకుంటారు, 1-06 అని రాయండి. నాలుగు వైపులా గట్టు పొడవులు మీటర్లలో రాయించి, రాళ్లు పాతించి, వాటి దగ్గర ఇద్దరూ నిలబడి ఫోటో తీయించుకోండి. పాత కాగితం నకలు దీనికి జత చేయండి. ఏదుం అన్న మాట అందులో అలాగే ఉండనివ్వండి. హద్దులు అందులో రాసినంత వివరంగా పాస్‌బుక్‌లో ఉండవు.

కుంచం దొరికితే ఎన్ని లీటర్లు పట్టిందో ఇక్కడ రాయండి. మీ ఊరు పేరు కూడా.